స్పేస్ పెన్ను కథ సరిచేయించే పని: నా డైరీ

జూన్ 8, ఆదివారం

మళ్లీ వేశారు. పొద్దున్నే టీ తాగుతూ ఆదివారం పేపర్ తిప్పుతుంటే వ్యక్తిత్వ వికాసం కాలమ్‌లో అదే కథ. అమెరికా వాళ్లు అంతరిక్షంలో రాసే పెన్ను కోసం పదేళ్లు కష్టపడి కోట్ల డాలర్లు తగలేశారంట, రష్యా వాళ్లు మాత్రం హాయిగా పెన్సిల్ వాడుకున్నారంట, కాబట్టి మనం కూడా దేన్నైనా తేలిగ్గా ఆలోచించడం నేర్చుకోవాలంట. ఇదే కాలమ్‌లో ఇదే కథ చదవడం నాకిది మూడోసారి.

ఆయన కాలమ్ ఏడెనిమిదేళ్లుగా చదువుతున్నా. బావున్నవి కట్ చేసి షాపులో గోడకి కూడా అంటిస్తా, అప్పుల గురించి రాసింది, తండ్రీకొడుకులు మాట్లాడుకోకపోవడం గురించి రాసింది ఇంకా అక్కడే ఉన్నాయి. అందుకే బాధేసింది. ఎవరో ఫోన్లో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ అయితే డిలీట్ కొట్టి నా పని నేను చూసుకునేవాణ్ణి.

నా పని మోటార్ వైండింగ్. విశాఖ కంచరపాలెంలో చిన్న షాపు, నేనూ ఒక కుర్రాడూ. మిక్సీ మోటార్లు, డ్రిల్లింగ్ మిషన్లు, అప్పుడప్పుడూ పాత డీసీ క్రేన్ మోటార్లు కూడా వస్తుంటాయి. వాటిల్లో సగం పని కార్బన్ బ్రష్ (మోటార్లో తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే కార్బన్ ముక్క) పొడి దులపడమే. బ్రష్ అరిగి అరిగి ఆ నల్ల పొడి కమ్యుటేటర్ (బ్రష్ రాసుకునే రాగి చక్రం) చుట్టూ, టెర్మినళ్ల మధ్య, వైండింగ్ సందుల్లో పేరుకుంటుంది, ఒకరోజు అక్కణ్ణుంచే కరెంటు అడ్డదారి పట్టి మోటార్ కాలిపోతుంది, ఓనరు వచ్చి బానే తిరిగేది కదా ఉన్నట్టుండి ఏటైపోయింది అంటాడు. అందుకని ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు ముందు తట్టేది డాలర్ల సంగతి కాదు, పొడి సంగతి. పెన్సిల్ లోపల ఉండేదీ కార్బన్ బ్రష్‌లో ఉండేదీ ఒకే జాతి, గ్రాఫైటు. అది కరెంటుని పారనిస్తుంది. స్విచ్చులూ వైర్లూ కుక్కి ఉన్న ఇరుకు గదిలో, రాలిన పొడి కింద పడకుండా గాల్లో తేలే చోట కూర్చుని పెన్సిల్ గీకడం మహా తెలివైన పని అని పిల్లలకి చెప్తున్నాం మనం.

ఈసారి ఊరుకోదలుచుకోలేదు. ఆయనకి ఉత్తరం రాస్తా. ఉత్తి మాటలతో కాకుండా షాపులో చేసి చూసి, ఫొటోలు తీసి, కాయితాలు జతచేసి మరీ పంపిస్తా. ఎంతవరకూ వచ్చిందో ఇక్కడ రాసుకుంటూ పోతా.

జూన్ 10, మంగళవారం

మూడుసార్లు వేశారు అంటే ఆధారం చూపించాలి. ఈ ఆదివారంది చేతిలో ఉంది. మిగతా రెండూ ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచిస్తుంటే మా ఆవిడే అంది, మా అమ్మ వంటింటి అరల్లో పరిచేవన్నీ ఆదివారం పేపర్లే కదండీ అని. సాయంత్రం అత్తయ్యగారింటికి వెళ్లి డబ్బాలు ఒక్కొక్కటీ దించితే కందిపప్పు డబ్బా కింద దొరికింది. నూనె మరక అయింది కానీ పైన తేదీ, ఆయన ఫొటో, మొత్తం కథ చదవడానికి వస్తోంది. ఆవిడ దాని బదులు ఇంకో పేపర్ పరిచాకే నన్ను కదలనిచ్చారు.

రెండోది మా ఇంట్లోనే ఉంది, నేనే చూసుకోలేదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, కిందటేడు స్కూల్లో ఉపన్యాసం పోటీకి ఆ కాలమ్ కట్ చేసి నోట్‌బుక్‌లో అంటించుకుంది, అందులోంచే చెప్పింది, రెండో ప్రైజు తెచ్చుకుంది. నేను వెతుకుతున్న సంగతి విని తనే తెచ్చిచ్చి, "అయితే నాన్నా, నేను స్టేజీ మీద అబద్ధం చెప్పానా?" అంది. నాకు నోట మాట రాలేదు కాసేపు. నువ్వు నమ్మి చెప్పావమ్మా, అది అబద్ధం ఆడటం కాదు, కానీ ఇప్పుడు తెలిసింది కాబట్టి మనిద్దరం కలిసి సరిచేద్దాం అన్నాను. అప్పట్నుంచి ప్రతి ప్రయోగానికీ రీడింగులు రాసే పని తనదే.

మామయ్యగారికి మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు. ఆయన నేవల్ డాక్‌యార్డులో చేసి రిటైరయ్యారు, రష్యా వాళ్లతో కలిసి పనిచేసిన మనిషి. "అల్లుడూ, వాళ్ల పనితనం నీకు తెలీదు. బొల్టు ఒకటి బిగించారంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నారు. ఆయన బాధ అర్థమైంది. ఈ ఊళ్లో ఆ కథ అంత తేలిగ్గా చెవికెక్కడానికి కారణం ఉంది. బీచ్ రోడ్డులో ఒడ్డుకి తెచ్చి నిలబెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ సోవియట్ వాళ్లు కట్టిందే, 1969 డిసెంబరులో మన నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది. స్టీల్ ప్లాంటు సోవియట్ సహకారంతో వచ్చింది. విశాలాంధ్ర బుక్ హౌస్‌లో నాలుగైదు రూపాయలకి దొరికిన సోవియట్ పుస్తకాలు చదివి సైన్సు మీద ఇష్టం పెంచుకున్న వాళ్లు నా వయసు వాళ్లలో బోలెడు మంది, నేనూ వాళ్లలో ఒకణ్ణే. రష్యా వాడు తెలివిగా గెలిచాడు అంటే మనకి లోపల ఎక్కడో సంతోషం. కానీ వాళ్ల గొప్పతనానికి ఈ కథ అవసరం లేదు, కుర్సురా లోపలికి ఒకసారి వెళ్లి ఆ పైపులూ వాల్వులూ చూస్తే చాలు, ఆ మనుషులు దేన్నీ తేలిగ్గా తీసుకునే రకం కాదని తెలుస్తుంది.

జూన్ 13, శుక్రవారం

రెండు రాత్రులు కూర్చుని అసలు జరిగిందేంటో పోగేశా. నాసా వాళ్ల చరిత్ర పేజీలు, ఆ రోజుల్లో వచ్చిన వార్తల మీద రాసినవి, పేటెంటు కాయితం, అన్నీ నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించా.

మొదటి సంగతి, అమెరికా వాళ్లు కూడా పెన్సిల్లే వాడారు. 1965లో నాసా హ్యూస్టన్‌లోని ఒక కంపెనీకి 34 మెకానికల్ పెన్సిళ్లు ఆర్డర్ ఇచ్చింది, మొత్తం బిల్లు 4,382 డాలర్ల 50 సెంట్లు, అంటే ఒక్కో పెన్సిలు దాదాపు 129 డాలర్లు. అంత పెట్టి పెన్సిలా అని అక్కడ జనం గోల చేశారు, తర్వాత నాసా చవకైన వాటి కోసం చూసుకుంది. ఖర్చు మీద గొడవ జరిగిన మాట నిజమే, కాకపోతే ఆ గొడవ పెన్సిల్ మీద. కాలం గడిచేకొద్దీ పెన్సిల్ ఖర్చు పెన్ను నెత్తిన పడిందేమో అని నాకనిపిస్తోంది.

రెండోది, పెన్ను చేసింది నాసా కాదు. పాల్ ఫిషర్ అని పెన్నుల కంపెనీ ఆయన, సొంత డబ్బుతో చేశాడు, పది లక్షల డాలర్ల దాకా అయిందంటారు. పేటెంటు 1966లో వచ్చింది. నాసా దగ్గర్నుంచి పైసా అడగలేదు, పెన్ను తయారయ్యాక పరీక్షించి చూడమని ఇచ్చాడు. వాళ్లు అంత తొందరగా ఒప్పుకోలేదు, పరీక్షల మీద పరీక్షలు పెట్టి ఒప్పుకున్నారు, 1968 అక్టోబరులో అపోలో 7 వ్యోమనౌకతో అది పైకెళ్లింది.

పెన్ను పనిచేసే తీరు చూసి అరగంట ఆ కాయితమే పట్టుకుని కూర్చున్నా. మామూలు రీఫిల్ వెనక తెరిచి ఉంటుంది, ఇంకు తన బరువుతో బాల్ దగ్గరికి దిగుతుంది. దీంట్లో రీఫిల్ వెనక మూసేసి నైట్రోజన్ నింపారు, సుమారు 35 పీఎస్‌ఐ, మనం కారు టైర్లో కొట్టించే గాలి అంత. ఆ ప్రెషరే ఇంకుని ముందుకి తోస్తుంది. అలా తోస్తే ఇంకు కారిపోదా అంటే అందుకే ఇంకు కూడా మార్చారు, కదపనంతసేపు గుజ్జులా గట్టిగా ఉంటుంది, బాల్ తిరిగినప్పుడే పలచనవుతుంది. పెయింటు డబ్బా కదపకుండా ఉంచితే బిగుసుకుని, పుల్ల పెట్టి తిప్పగానే జారుగా అవుతుందే, ఆ గుణం. బాల్ టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసింది. ఇదంతా వేళ్ల మధ్య ఇమిడే గొట్టంలో! ఇంత పనితనాన్ని తెలివితక్కువతనం కింద చెప్పుకుంటున్నాం ఇన్నాళ్లూ.

మూడో సంగతి మామయ్యగారి కోసం పైకి చదివా. 1969లో సోవియట్ యూనియన్ కూడా అదే ఫిషర్ దగ్గర 100 పెన్నులు, 1,000 రీఫిళ్లు కొంది, తమ సోయుజ్ వ్యోమనౌకల ప్రయాణాలకి. అంతకు ముందు వాళ్లు వాడింది కూడా మన పిల్లలు వాడే పెన్సిల్ కాదు, మైనంలా ఉండే గ్రీజు పెన్సిల్, చుట్టూ కాయితం ఒలుచుకుంటూ రాసేది. చంద్రుడి మీదకి ఎవరు ముందా అని పోటీ పడుతున్న రెండు దేశాలు ఒకే కొట్లో ఒకే పెన్ను, ఒకే డిస్కౌంటుకి కొన్నాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మంచి వస్తువు కనబడితే వాళ్లు కొంటారు, అది వాళ్ల అలవాటే" అన్నారు. అప్పట్నుంచి మా పక్షమే.

ధర దగ్గర మాత్రం ఇబ్బంది ఎదురైంది. అప్పటి వార్త ఒకటి నాసా 400 పెన్నులు, ఒక్కోటి 2 డాలర్ల 39 సెంట్లకి కొన్నట్టు చెప్తోంది, నాసా వాళ్ల చరిత్ర పేజీ ఏమో సుమారు 400 పెన్నులు ఒక్కోటి 6 డాలర్లు అంటోంది. మొదటి లెక్కన 956 డాలర్లు, రెండో లెక్కన 2,400. ఉత్తరంలో నాకు నచ్చిన అంకె ఒక్కటే వేసి ఊరుకోవచ్చు, కానీ ఒకరి తప్పు దిద్దడానికి బయల్దేరిన వాడు ఆ పని చెయ్యకూడదు. రెండూ రాస్తా. ఎటు చూసినా కోట్లు కాదు.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు షాపు సెలవు. నేనూ అమ్మాయీ టిఫిన్ తిని వెళ్లాం.

మొదట పెన్సిల్‌ని రెండు వైపులా చెక్కి మల్టీమీటర్ పెట్టాం. హెచ్‌బీ పెన్సిలు పాతిక ఓమ్స్ దగ్గర నిలబడింది, అంటే కరెంటుకి అడ్డు చాలా తక్కువ. దాన్నే 9 వోల్టుల బ్యాటరీకీ చిన్న ఎల్‌ఈడీకీ మధ్యన వైరులా కలిపితే దీపం తళుక్కున వెలిగింది. ఇది స్కూల్లో చాలామంది చేసే ఉంటారు. తర్వాత బొమ్మలేసే 6బీ పెన్సిల్‌తో కాయితం మీద మందంగా గీత గీసి, గీత రెండు చివర్లా వైర్లు ఆనించాం. మసగ్గా వెలిగింది. కాయితం మీద గీత, అంతే, వైరు లేదు ఏమీ లేదు! అమ్మాయి వైరు గీత వెంట జరుపుతూ దగ్గరికి తెస్తే వెలుగు పెరగడం, దూరం జరిపితే తగ్గడం పదిసార్లు చూసింది. 6బీలో గ్రాఫైటు ఎక్కువ, బంకమట్టి తక్కువ, అందుకే హెచ్‌బీ గీతకి దాదాపు వెలగలేదు, దీనికి వెలిగింది.

అమ్మాయి ఫొటోలు తీసింది. కానీ నాకు తృప్తి లేదు, బ్యాటరీ బల్బు చూసి కాలమిస్టు గారు ఇది పిల్లల ఆట అనుకోవచ్చు. మెగ్గర్ పెట్టాలి.

జూన్ 17, మంగళవారం

మెగ్గర్ అంటే తెలియని వాళ్లకి: ఇన్సులేషన్ గట్టిగా ఉందో లేదో చూసే మీటరు, నా దగ్గర ఉన్నది 500 వోల్టులది. దాని ముల్లు ఎక్కువ మెగాఓమ్స్ చూపిస్తే మంచిది, సున్నా అంటే ఆ మోటార్‌కి కరెంటు ఇవ్వకూడదు. హ్యాండిల్ తిప్పేటప్పుడు కొసలు ముట్టుకుంటే ఝల్లుమంటుంది కాబట్టి అమ్మాయిని దూరంగా కూర్చోబెట్టా, ముట్టుకున్నది నేనే.

పాత మోటార్ నుంచి తీసిన బేకలైట్ (కరెంటు పారనివ్వని గట్టి ప్లాస్టిక్) టెర్మినల్ బోర్డు, మీద రెండు ఇత్తడి స్టడ్లు, మధ్యన అంగుళం ఎడం. థిన్నర్‌తో తుడిచి ఆరబెట్టి మెగ్గర్ చేస్తే ముల్లు ఆ చివరికి వెళ్లిపోయింది, ఇన్ఫినిటీ. తర్వాత అదే 6బీ పెన్సిల్ మొన బ్లేడుతో గీకి ఆ పొడి చిటికెడు స్టడ్ల మధ్య చల్లి వేలితో సన్నగా రుద్దా. మళ్లీ తిప్పా. సున్నా. ముల్లు లేవనే లేదు.

ఇక్కడే నేను చూపించాలనుకున్న అసలు సంగతి ఉంది. బ్లోయర్ కొట్టా, కంటికి కనపడే పొడంతా పోయింది, బోర్డు శుభ్రంగానే కనపడుతోంది, మెగ్గర్ చేస్తే 2 మెగాఓమ్స్ దాటలేదు. రుద్దినప్పుడు పట్టిన సన్నటి పొర గాలికి పోదు. థిన్నర్ పోసి గుడ్డతో రెండుసార్లు తుడిచాకే మళ్లీ ఇన్ఫినిటీకి వెళ్లింది. షాపులో అయితే గుడ్డ ఉంది, థిన్నర్ ఉంది, ప్యానెల్ విప్పే టైముంది. పొడి కింద పడితే ఊడవనైనా ఊడుస్తాం. అక్కడ బరువే లేదు, విరిగిన మొన ముక్క, రాలిన పొడి గాలి ఎటు లాగితే అటు పోతాయి, స్విచ్ వెనకకి పోతాయి, కంట్లో పడతాయి, ముక్కులోకి పోతాయి. మా కుర్రాడు చూసి, "ఏటన్నా, మనం రోజూ దులిపే పొడే కదా ఇది" అన్నాడు. అదే.

కర్ర పెన్సిల్‌కి ఇంకో గుణం, అది మండుతుంది. 1967 జనవరి 27న అపోలో 1 క్యాబిన్‌లో నేల మీద పరీక్ష జరుగుతుండగా మంటలంటుకుని గ్రిస్సమ్, వైట్, చాఫీ ముగ్గురూ చనిపోయారు. లోపలంతా స్వచ్ఛమైన ఆక్సిజన్. దానికి కారణం పెన్సిల్ కాదు, ఆ మాట ఉత్తరంలో స్పష్టంగా రాయాలి, నిప్పు రవ్వ వైరింగ్‌లో పుట్టిందని అనుకుంటారు. కానీ ఆ తర్వాత లోపలికి తీసుకెళ్లే ప్రతి వస్తువుకీ ఇది అంటుకుంటుందా అని అడగడం మొదలైంది. ముగ్గురు మనుషులు పోయాక జాగ్రత్త పడిన వాళ్లని పట్టుకుని పెన్సిల్ తెలీని అమాయకులు అంటే నాకు గుండెలో కలుక్కుమంటుంది.

జూన్ 18, బుధవారం

పెన్ను వంతు. బల్ల కింద వెల్లకిలా పడుకుని బల్ల అడుగున అట్ట అంటించి మామూలు బాల్ పెన్నుతో రాశా. నాలుగు లైన్లు బానే వచ్చింది, ఐదో దాంట్లో అక్షరాలు తెగాయి, ఆరు దగ్గర ఆగిపోయింది. ఇంకు వెనక్కి జారి బాల్ దగ్గర గాలి చేరింది. ఇదిగో అందుకే ప్రత్యేకం పెన్ను కావాల్సొచ్చింది అని రాసేయబోయా.

రాత్రి పడుకున్నాక అది తప్పని తట్టింది. తలకిందులుగా రాస్తే భూమి ఇంకుని వెనక్కి లాగుతుంది. అంతరిక్షంలో వెనక్కి లాగేదీ లేదు, ముందుకి లాగేదీ లేదు. నా బల్ల కింద పరీక్ష అసలు దానికంటే కష్టమైనది, అది ఇక్కడ పనికిరాదు. లేచి మళ్లీ వెతికితే పెద్రో డూకే అని స్పెయిన్ వ్యోమగామి కనపడ్డాడు, 2003 అక్టోబరులో సోయుజ్‌లో వెళ్లినప్పుడు చవక బాల్ పెన్నుతోనే రాస్తున్నాను, బానే పడుతోంది, రష్యా వాళ్లు ఎప్పట్నుంచో బాల్ పెన్నులే తీసుకెళ్తున్నారట అని డైరీలో రాసుకున్నాడు. కాబట్టి ఫిషర్ పెన్ను లేకపోతే రాయడమే కుదరదు అనడం కూడా ఇంకో కట్టుకథే అవుతుంది. అది బాగా వేడిలో, చలిలో, గాలి లేని చోట కూడా నమ్మకంగా రాస్తుంది, దాని గొప్ప అది. బల్ల కింద ఫొటోలు పక్కన పడేశా. ఉత్తరంలో డూకే సంగతి చేర్చా.

వెతుకుతుంటే ఇంకొకటి దొరికింది, మా వృత్తి వాళ్లకి నచ్చేది. 1969 జులైలో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద ఉండగా ఇంజన్‌కి సంబంధించిన సర్క్యూట్ బ్రేకర్ నాబ్ విరిగిపోయింది. దాన్ని లోపలికి నొక్కకపోతే తిరిగి బయల్దేరడం కష్టం. ఆల్డ్రిన్ స్కెచ్ పెన్ను లాంటి ఫెల్ట్ పెన్నుతో నొక్కాడు. కరెంటు చోటు కాబట్టి వేలు గానీ లోహం ఉన్నదేదీ గానీ పెట్టదలుచుకోలేదని ఆయనే చెప్పాడు. ఏ ఎలక్ట్రీషియన్ అయినా అదే చేస్తాడు. చాలామంది దీన్ని కూడా ఫిషర్ పెన్ను ఖాతాలో వేస్తారు, కాదు.

జూన్ 22, ఆదివారం

ఉత్తరం మొదటి ప్రతి నాలుగు పేజీలు వచ్చింది. మా ఆవిడకి చదివి వినిపించా. ఆవిడ కూరగాయలు తరుగుతూ మొత్తం విని, "ఏవండీ, ఇది ఆయన్ని గోడకుర్చీ వేయించినట్టుంది. మీకు షాపులో ఎవరైనా కస్టమరు అందరి ముందూ తప్పు చూపిస్తే మీరు ఒప్పుకుంటారా, బిగుసుకుంటారా?" అంది. రెండో పేజీలో మీవంటి పెద్దలే ఇలా రాస్తే అనే వాక్యం ఉంది, మూడుసార్లు అన్న మాట ఐదుసార్లు వాడా. నిజంగానే చదువుతుంటే నాకే అలా తోచింది. ఆయన ఓడిపోవడం నాకు అక్కర్లేదు, నాలుగోసారి అది అచ్చవకపోతే చాలు. ఆయన చేతిలోంచి ఒక కథ తీసుకుంటున్నా కాబట్టి దాని బదులు ఇంకా మంచిది చేతిలో పెట్టాలి. అత్తయ్యగారు పేపర్ ఇచ్చింది కూడా ఆ లెక్కనే కదా, ఒకటి తీస్తే ఇంకోటి పరవాలి.

మళ్లీ రాశా, ఒకటిన్నర పేజీ. ఇదీ అందులో ముఖ్యమైన ముక్క:

"అయ్యా, నమస్కారం. మీ కాలమ్‌లు కొన్ని నా షాపు గోడ మీద ఉన్నాయి. ఈ నెల 8న మీరు చెప్పిన పెన్ను, పెన్సిలు కథ గురించి ఈ ఉత్తరం. నేను మోటార్ వైండింగ్ చేస్తాను, గ్రాఫైటు పొడి ఏం చేస్తుందో రోజూ చూస్తాను, ఆ ఫొటోలు జతచేశాను. రెండు దేశాలూ మొదట్లో పెన్సిళ్లే వాడాయి. పెన్ను తయారుచేసింది ప్రభుత్వం కాదు, ఒక వ్యాపారి తన డబ్బుతో చేశాడు. తర్వాత అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ అదే పెన్ను కొన్నాయి. మీరు కథ చెప్పదలుచుకుంటే ఇది ఇంకా బావుంటుందని నా మనవి: తేలిగ్గా కనపడిన దాని వెనక ఏముందో ఓపిగ్గా చూసిన మనిషి కథ, మంచి పని ఎవరు చేసినా తీసుకున్న పోటీదారుల కథ. మా అమ్మాయి మీ కాలమ్ చదివి స్కూల్లో ఈ కథ చెప్పింది. మీరు సరిచేస్తే తనూ వెళ్లి సరిచేసి చెప్తానంటోంది."

అమ్మాయి చివరి వాక్యం తనే చేర్పించింది.

జూన్ 24, మంగళవారం

ఉత్తరం, ఐదు ఫొటోలు, ప్రింట్లు, కందిపప్పు డబ్బా కింది పేపర్‌కి జిరాక్స్. కవర్ మీద అడ్రసు అమ్మాయి రాసింది. స్పీడ్ పోస్ట్ చేసి రసీదు గల్లాపెట్టెలో పెట్టా. పేపర్లో ఇచ్చిన ఈమెయిల్‌కి కూడా అదే పంపించా.

జులై 9, బుధవారం

పదిహేను రోజులు, జవాబు లేదు. కవర్ అందినట్టు ఆన్‌లైన్‌లో ఉంది. నాలుగు ఆదివారాలకి ఒకసారైనా పాఠకుల ఉత్తరాలు వేస్తారు, అక్కడా లేదు. ఈ రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ, మా కుర్రాడు వెళ్లాడు, 32 కిలోమీటర్లు నడవాలి, రేపు కూడా రాడు. షాపు ముందు నీళ్ల డ్రమ్ము పెట్టి జనానికి నీళ్లు పోస్తూ సాయంత్రం గడిపేశా.

జులై 11, శుక్రవారం

ఫోన్ వచ్చింది! కొత్త నంబరు, కస్టమరేమో అనుకున్నా. "నేనండీ, మీరు పెన్ను గురించి రాశారు..." అనగానే ఆర్మేచర్ పక్కన పెట్టి బయటకొచ్చి నిలబడ్డా.

ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. ఊళ్లో లేరట, వచ్చాక రెండుసార్లు చదివారట. ఎప్పుడో ఒక ట్రైనింగ్ క్లాసులో విని రాసుకున్న కథ, ఎవరూ కాదనకపోయేసరికి వాడుతూ వచ్చాను అన్నారు. తర్వాత ఒక మాట అన్నారు, "కానీ కథ కన్నా అందులో నీతి ముఖ్యం కదండీ, కాకి కుండలో రాళ్లేసిందా లేదా అని ఎవరైనా అడుగుతారా?"

ఈ మాట వస్తుందని నాకు తెలుసు, రెండు వారాలుగా దీనికి జవాబు నాలో నేనే చెప్పుకుంటున్నా. చెప్పా. కాకి కథ విన్న పిల్లాడికి అది కథ అని తెలుసండీ, ఏ కాకికీ నష్టం లేదు. ఇది నాసా అని, అమెరికా అని, రష్యా అని పేర్లు పెట్టి జరిగినట్టు చెప్తున్నాం. నిజంగా పనిచేసిన మనుషులున్నారు ఇందులో. వాళ్లు బుర్ర పెట్టి చేసిన పనిని బుర్రలేని పని అని మన పిల్లలు నేర్చుకుంటున్నారు. రేపు వాళ్లలో ఒకడు ఇంజనీరై ఇన్సులేషన్ గురించి నాలుగు టెస్టులు ఎక్కువ చేద్దామంటే, పక్కవాడు ఈ కథ చెప్పి వాడి నోరు మూయిస్తాడు. నా దగ్గరికి వచ్చే కాలిన మోటార్లలో చాలా వాటికి ఆ ఇంత దానికెందుకండీ అన్న మాటే కారణం.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఎక్కువ మాట్లాడేశానేమో అనిపించింది. అప్పుడాయన, "మీ మెగ్గర్ పరీక్ష ఫొటో చూశాను. ఒక డౌటు. ఇది విశాఖ, జూన్ నెల, తేమ ఎక్కువ. తేమ వల్ల కూడా రీడింగ్ పడుతుంది కదా, అది గ్రాఫైటు వల్లే అని ఎలా చెప్తారు?" అన్నారు.

ఇంత మంచి ప్రశ్న ఈ పనిలో నన్ను ఎవరూ అడగలేదు. నిజమే, సముద్రం గాలికి ఇక్కడ వానాకాలం మోటార్లన్నీ తక్కువ చూపిస్తాయి. పొడి చల్లడానికి ముందూ తర్వాతా మధ్యన పది నిమిషాలే తేడా అని చెప్పొచ్చు, కానీ పక్కపక్కన పెట్టి చూపించడమే పద్ధతి. ఆదివారం చేసి పంపిస్తానండీ అన్నా.

జులై 13, ఆదివారం

తెల్లారి నుంచీ వాన. ఈ పరీక్షకి ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఒకే రకం బేకలైట్ బోర్డులు రెండు, రెండూ థిన్నర్‌తో తుడిచి ఆరబెట్టా, ఒకదానికి గ్రాఫైటు రుద్ది బ్లోయర్ కొట్టా, ఇంకోదానికి ఏమీ లేదు. రెంటినీ షాపు ముందు రేకు కింద జల్లు పడకుండా, తేమ మాత్రం తగిలేలా మూడు గంటలు వదిలేశాం. తర్వాత మెగ్గర్ చేస్తే ఏమీ రుద్దని బోర్డు 40 మెగాఓమ్స్‌కి పడింది, గ్రాఫైటుది సున్నా. అంటే ఆయన అన్నది నిజం, తేమ కూడా లాగింది.

ఇక తేడా తేల్చడానికి మోటార్ తడిస్తే చేసే పనే చేశా, అట్టపెట్టెలో 200 వాట్ల బల్బు వెలిగించి రెండు బోర్డులూ లోపల పెట్టా. రెండు గంటల తర్వాత తీసి చల్లారనిచ్చి చూస్తే మామూలు బోర్డు ఇన్ఫినిటీకి వెళ్లిపోయింది. గ్రాఫైటు బోర్డు 3 దగ్గరే ఉండిపోయింది. నీళ్లయితే వేడికి పోతాయి, గ్రాఫైటు పోదు. అమ్మాయి నాలుగు రీడింగులూ టేబుల్ గీసి రాసింది, పక్కన టైము కూడా వేసింది.

ఆ కాయితం, రెండు బోర్డుల ఫొటో ఆయనకి వాట్సాప్‌లో పంపించా. మీ ప్రశ్న లేకపోతే ఈ రెండో బోర్డు పెట్టేవాణ్ణే కాదు అని కింద రాశా. గంటకి జవాబు వచ్చింది. కాలమ్‌లో తనే రాస్తారట, ఈసారి విన్నది కాకుండా చూసింది రాస్తానన్నారు, బుధవారం షాపుకి రావచ్చా అని అడిగారు.

పది దాటాక రమ్మన్నా. ఆలోపు క్రేన్ మోటార్ బల్ల మీంచి దించి, బోర్డులు రెండూ మళ్లీ తుడిచి పెట్టుకోవాలి, పెన్సిల్ ఆయన చేతే గీకిస్తా. అమ్మాయి స్కూలుకి సగం పూట లీవ్ లెటర్ రాసుకుంది, సంతకం పెట్టమని ఇచ్చి వెళ్లింది.